బొటనవేలి పాండిత్యం

తెలుగులో చేతికి ఉన్నదీ బొటనవేలే, కాలికి ఉన్నదీ బొటనవేలే. వేరే పేరు పెట్టి ఉంటే ఈ కథ చెప్పుకోవడం నాకు కాస్త సులువయ్యేది. ముప్పై ఒక్క ఏళ్లు నేను చేతి బొటనవేలి మీద బతికినవాణ్ని. ధర్మవరంలో ఒక షావుకారు దగ్గర పట్టు చూసే పని నాది. చిలప చేతికి తీసుకుని, రెండు పోగులు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపితే చాలు, ఉడికిందా లేదా, జిగురు ఎంత పోయింది, ఎక్కడైనా పాలిస్టర్ దూర్చారా అనేది చెప్పేసేవాణ్ని. ముడిపట్టును సబ్బునీళ్లలో ఉడికిస్తే తూకంలో దాదాపు నాలుగోవంతు జిగురే పోతుంది. ఆ నాలుగోవంతు దగ్గరే తగాదాలన్నీ. అందుకే షావుకారు నన్ను కూర్చోబెట్టి జీతమిచ్చాడు. మరీ అనుమానం వస్తే పోగు కాల్చి చూసేవాణ్ని. వెంట్రుక కాలిన కంపు కొట్టి, బూడిద వేళ్ల మధ్య పొడైపోతే పట్టు. కరిగి, నల్లటి పూసలా గట్టిపడిందంటే అది పట్టు కాదు, దాని తాత కూడా పట్టు కాదు.

అంతటి నేను 2024లో సాక్సులు కొన్నాను.

మేజోళ్లు అనేది పుస్తకాల్లో మాట, మా వైపు ఎవరూ అనరు. మా ఊరు లేపాక్షి, కాస్త అటు జరిగితే కర్ణాటకే కాబట్టి కన్నడంవాళ్ల ‘కాలుచీల’ మాకు చెవిన పడుతూనే ఉంటుంది. చీల అంటే సంచి. కాలికి సంచి. ఆ మాటలో ఉన్నంత స్పష్టత నా బుర్రలో ఉండి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. నిజానికి మా ఊళ్లో వాటితో పనేముంది? ధనుర్మాసంలో తెల్లవారుజామున వీరభద్రస్వామి గుడికి వట్టి కాళ్లతో పోతాం. రాతినేల జివ్వుమంటుంది, నాలుగడుగులు వేస్తే అలవాటవుతుంది. గుళ్లో నేలమీద పెద్ద పాదముద్ర ఉంది, సీతమ్మ పాదమంటారు, అందులో ఎప్పుడూ నీళ్లు ఊరుతూ ఉంటాయి. చిన్నప్పుడు పందెం కట్టి, ఎవరూ చూడకుండా ఆ చల్లటి నీళ్లలో కాలుపెట్టి వందదాకా లెక్కపెట్టినవాణ్ని. పాపమో పుణ్యమో తెలియదు కానీ, నా కాలికి చలి తగలదనే నమ్మకం మాత్రం అప్పటిది.

2024 డిసెంబరులో మేమిద్దరం మినియాపొలిస్‌లో ఉన్న మా వాడింటికి బయలుదేరాం. కోడలు ఫోన్‌లో మూడుసార్లు చెప్పింది. “మామా, స్వెట్టర్లు తెచ్చుకోండి చాలు. ఉన్ని సాక్సులు, బూట్లు ఇక్కడ కొందాం. అక్కడివి పనికిరావు.” ఆఖరి మాట నాకు గుచ్చుకుంది. అక్కడివి పనికిరావా? పోగు చూసి బతికిన మనిషికి పోగు సంగతి చెప్తుందా ఈ పిల్ల? మరునాడే హిందూపురం బస్సెక్కాను.

బజారులో ఒక అంగడి. కుర్రవాడు డజను జతల కట్ట ముందర పడేసి, “ప్యూర్ ఊల్ సార్” అన్నాడు. నేను వాడి మాట వినలేదు, వినాల్సిన అవసరం నాకేముంది? ఒకటి తీసుకుని నలిపాను. మెత్తగా, నునుపుగా, ఎక్కడా గుచ్చుకోకుండా ఉంది. “మంచి ఉన్ని, గొర్రెపిల్లది” అని తీర్పు చెప్పాను. కుర్రవాడు నావైపు గౌరవంగా చూశాడు. ఇప్పుడు తలుచుకుంటే అది గౌరవం కాదేమో. జత 60 రూపాయలు. ఉన్ని జత 60 రూపాయలకు ఎట్లా వస్తుందని ముప్పై ఏళ్లు బేరాలు చూసినవాడికి తోచాలా వద్దా? తోచలేదు. ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. కవరు వెనకాల చిన్న అక్షరాల్లో నిజమే అచ్చువేసి ఉంది. కళ్లజోడు ఇంట్లో పెట్టి వచ్చాను. బొటనవేలు ఉండగా కళ్లజోడెందుకు!

పెట్టెలు సర్దేటప్పుడు మా ఆవిడ అటకమీంచి ఒక నల్ల కంబళి దించింది. అది మా అవ్వది. అంచుకు తెల్ల గీత, లోపల అక్కడక్కడ ఇంకా ముళ్లపరికలు. మా నాయన కప్పుకున్నాడు, నేను పుట్టినప్పుడు నన్ను అందులోనే చుట్టారట. నా చేతికి వచ్చాక మాత్రం స్కూటరు మీద కప్పేదానికి వాడాను, ఆ తర్వాత అటకెక్కింది.

“ఏమయ్యా, దీన్ని పెట్టెలో పెట్టేదా? సలిదేశం అంటాండారు.”

“విమానంలో కంబళేందే? మేకలు కాసేదానికి పోతాండామా?”

ఆ మాట నోట్లోంచి వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మా వైపు కురుబల ఇళ్లల్లో పుట్టిన కంబళి రైతుకూ కూలికీ కూడా వానలో గొడుగు, రాత్రి పరుపు, బాలింతకు వెచ్చదనం. పట్టు అంగట్లో కూర్చున్నాక అది నాకు మొరటుగుడ్డ అయిపోయింది. మా షావుకారు తల్లి ధావళి కట్టుకుని మడిగా వంట చేసేది. ధావళి ఉన్నిదే కదా. మడికి పట్టు ఎంత పనికొస్తుందో ఉన్నీ అంతే పనికొస్తుందని పెద్దవాళ్లు రెంటినీ ఒకే దండెం మీద ఆరేశారు. నేనే విడదీశాను.

మినియాపొలిస్‌లో నాలుగోరోజు పొద్దున మనవరాలిని బడిబస్సు దాకా దిగబెట్టే పని నెత్తినేసుకున్నాను. మా వాడి ఫోన్‌లో చలి ఎంతో చూశాను. 8 అని ఉంది. నవ్వొచ్చింది. జనవరిలో మా లేపాక్షిలో పన్నెండూ పదమూడూ చూసిన మనిషిని, ఇంకో నాలుగు డిగ్రీలు తగ్గితే ఏమవుతుంది? అయినా జాగ్రత్తపరుణ్ని కాబట్టి ఒకటికి మూడు జతల సాక్సులు తొడిగాను. ఒక జతకు ఇంత వెచ్చన అయితే మూడు జతలకు మూడింతలు అని లెక్క. ఆ మూడింటి మీద, హిందూపురంలో కాలికి సరిగ్గా కొలిపించి కొన్న బూట్లు తొడగడానికి పావుగంట పట్టింది. చెంచా పెట్టి, గోడకు కాలు తన్ని, చివరికి మా ఆవిడ వెనకనుంచి తోస్తే మడమ లోపలికి దిగింది.

ఆ 8 అమెరికావాళ్ల ఫారెన్‌హీట్ 8. మన లెక్కలో సున్నాకు పదమూడు డిగ్రీలు కింద. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

బస్సు ఆలస్యమైంది. మనవరాలు బొంతలాంటి బూట్లలో ఎగురుతూ ఆడుకుంటోంది. నేను మంచులో నిటారుగా నిలబడ్డాను. మొదట కాళ్లకు చెమట పట్టింది, ఇంట్లో పావుగంట కుస్తీ పట్టిన వేడి అది. ‘చూశావా, వెచ్చగా ఉంది’ అనుకున్నాను. కాసేపటికి ఆ చెమటే చల్లబడింది. తర్వాత వేళ్లు సలిపాయి. ఆ తర్వాత సలపడం ఆగిపోయింది. ‘అలవాటయింది, మన గుళ్లో రాతినేల లాగే’ అని సంబరపడ్డాను. నొప్పి పోవడం మంచిది కాదని, మొద్దుబారడానికి అది మొదటి మెట్టని ఆ దేశంలో పసిపిల్లకు కూడా తెలుసు. ఇంటికొచ్చి బూట్లు పీకి చూస్తే రెండు కాళ్ల బొటనవేళ్లూ మైనపుముద్దల్లా తెల్లగా ఉన్నాయి. గిల్లుకుంటే తెలియలేదు. నేను హీటరు దగ్గరికి పరిగెత్తబోతుంటే కోడలు పట్టుకుని ఆపింది. మొద్దుబారిన కాలిని నిప్పుసెగకు పెడితే కాలినా తెలియదు, రుద్దితే చర్మం పాడవుతుంది. బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసి కాళ్లు పెట్టించింది. స్పర్శ తిరిగొచ్చేటప్పుడు పడిన బాధ ఇక్కడ రాయను, మా ఆవిడ అరవద్దన్నది.

“నాయనా, మూడు సాక్సులు ఎందుకేసుకున్నావు? బూటులో గాలి యాడుంటాది?” అన్నాడు మా వాడు.

గాలి ఎందుకురా అన్నాను. వాడు చెప్పింది వింటుంటే నాకు మా ఊరి గుడే గుర్తొచ్చింది. లేపాక్షికి వచ్చినవాళ్లంతా మంటపంలో వేలాడే స్తంభం దగ్గర ఆగుతారు. స్తంభానికీ నేలకూ మధ్య సందులోంచి చేతిగుడ్డో కొంగో దూర్చి ఇటునుంచి అటు లాగి మురిసిపోతారు. వచ్చిన చుట్టాలందరికీ ఆ సందు చూపించినవాణ్ని నేనే. వెచ్చదనమనేది గుడ్డలో ఉండదట, గుడ్డ పట్టి ఉంచిన గాలిలో ఉంటుందట. ఉన్నిపోగు ఉంగరాలు తిరిగి ఉంటుంది కాబట్టి ఆ వంపుల్లో గాలి నిలుస్తుంది, కదలదు. నేను మూడు జతలు కూరి ఆ సందులన్నీ మూసేశాను. పైగా అంత బిగువుకు రక్తం కూడా వేళ్ల చివరిదాకా రాలేదు. స్తంభం కింద గుడ్డ దూరుతుందని అరవై ఏళ్లు చూశాను, బూటులో వేలు దూరుతుందో లేదో ఒక్కసారి చూసుకోలేదు.

అప్పటికీ నేను ఓడిపోయాననుకోలేదు. “గాలి సంగతి సరే, ఉన్ని మాత్రం మంచిది” అన్నాను. మా వాడేమీ అనలేదు. కోడలు కూడా ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకు నచ్చలేదు. మధ్యాహ్నం అందరూ పనుల్లో ఉండగా ఒక సాక్సులోంచి పోగు లాగి, వంటింట్లో పొయ్యిమీద పెట్టాను. ముప్పై ఏళ్లలో ఎన్ని వేల పోగులు కాల్చానో! ఇంకా తృప్తి తీరక సాక్సు అంచే మంటకు చూపించాను. వెంట్రుక కంపు రాలేదు. నల్లటి పొగ వచ్చింది, ప్లాస్టిక్ సంచి కాలినట్టు. పోగు కరిగి, పూసకట్టి, వేలికి చురుక్కుమని అంటుకుంది. అదే క్షణంలో ఇంటికప్పుకున్న పొగగంట కూతపెట్టింది. అది కూస్తే ఊరికే ఉండదు, మిగతా గదుల్లోవీ అందుకుంటాయి. మూడేళ్ల మనవడు చెవులు మూసుకుని ఏడుపు. కోడలు కంప్యూటరు ముందునుంచి లేచి పరిగెత్తుకొచ్చింది. ఒక చేతిలో కాలిన సాక్సు, రెండో చేతిలో చీపురు పట్టుకుని కప్పుకేసి ఊపుతూ నేను కనపడ్డాను.

అక్రిలిక్. పెట్రోలు పుట్టిన చోటే పుట్టిన పోగు. చూడటానికి ఉన్నిలాగే ఉంటుంది, తాకితే కొన్నిసార్లు ఉన్నికన్నా మెత్తగా ఉంటుంది, నీళ్లు మాత్రం పీల్చదు. ఉన్ని తన తూకంలో దాదాపు మూడోవంతు తేమ లోపలికి లాక్కుని కూడా తడిసినట్టు తెలియనీయదు, పైగా తేమ పీల్చేటప్పుడు కొంచెం వేడి పుట్టిస్తుంది. అక్రిలిక్ నా చెమటను నా చర్మం మీదే వదిలేసి చోద్యం చూసింది. పట్టూ ఉన్నీ ఒక జాతివి, రెండూ ప్రాణినుంచి వచ్చిన మాంసకృత్తులు. అందుకే కాలిస్తే రెండూ ఒకే కంపు కొడతాయి. ఆ పరీక్ష నా దగ్గరే ఉంది. చేతిలో అగ్గిపెట్టె పెట్టుకుని చీకట్లో తడుముకున్నాను.

ఆ శనివారం మా వాడు అంగడికి తీసుకుపోయాడు. ఈసారి కళ్లజోడు పెట్టుకున్నాను. ఒక జత చూపించాడు, ధర పాతిక డాలర్లు. మన డబ్బుల్లో రెండువేలు దాటింది. ధర సంగతి తర్వాత, చీటీ చదివి మండిపడ్డాను. మెరినో ఉన్ని నూటికి 75, మిగతాది నైలాన్, కొంచెం లైక్రా. కల్తీ! పట్టిస్తే మార్కెట్లో పరువుపోయే పని! “రెండువేలు తీసుకుని నైలాన్ అమ్ముతాండారు, దర్జాగా రాసి మరీ” అని అంగడి మధ్యలో నిలబడి మా వాడికి క్లాసు పీకాను. పక్కనే నూటికి నూరుపాళ్లు ఉన్ని అని ఉన్నది ఇంకోటి కనిపించింది, అదే కావాలన్నాను. మా వాడు రెండూ కొన్నాడు. పెళ్లాం మాటకన్నా తండ్రి మొండితనం ఖరీదైనదని వాడికి అప్పటికే తెలిసినట్టుంది.

నూరుపాళ్ల ఉన్నిది ఐదు వారాల్లో మడమ దగ్గర జల్లెడైంది. పట్టుచీరతో ఎవరూ మైళ్లకొద్దీ నడవరు. సాక్సు మీద మనిషి బరువంతా పడి, అడుగడుక్కీ బూటుతో రాసుకుంటుంది. వట్టి ఉన్ని ఆ రాపిడికి ఆగదు. ఉన్ని వెచ్చదనానికి, నైలాన్ గట్టితనానికి, లైక్రా జారిపోకుండా ఉండటానికి. మడమకూ వేళ్లకూ అల్లిక ఇంకా దట్టంగా పెడతారు. లోపలివైపు టవలులా చిన్నచిన్న ముడులు ఉంటాయి, గాలి నిలిచేది అక్కడే. చీటీమీద రాసి కలిపినది పనితనం, దాచి కలిపినది కల్తీ. ఈ తేడా తెలియడానికి నాకు ఒక జత సాక్సులు ఖర్చయ్యాయి. వెర్మాంట్ రాష్ట్రంలో డార్న్ టఫ్ అని ఒక కంపెనీ ఉందట, సాక్సు చిరిగితే ఎన్నేళ్లకైనా కొత్తది ఇస్తుందట. వాళ్లవి కూడా ఇట్లాంటి మిశ్రమాలే. ‘డార్న్’ అంటే రఫూ చేయడమని మనవరాలు చెప్పింది. పేరులోనే రఫూ పెట్టుకుని రఫూ అక్కర్లేని సరుకు అమ్మడం నాకు నచ్చింది.

మెత్తదనం సంగతి కూడా అక్కడే తేలింది. పట్టుపోగు మందం 10 నుంచి 13 మైక్రాన్లు. మెరినో 17 నుంచి 20 దాకా. 30 దాటిందంటే ఆ పోగు కొస చర్మాన్ని పొడుస్తుంది, వంగదు. మనకు ఉన్ని అంటేనే దురద అనిపించేది అందుకే, మన కంబళి పోగు ఆ గీతకు అవతలిది. నా బొటనవేలికి పట్టు తెలుసు, కంబళి తెలుసు, మధ్యలో ఒకటుందని తెలియదు. మెత్తగా ఉన్నదాన్ని మంచిదనుకోవడం దాని అలవాటు. మెత్తగా మాట్లాడినవాళ్లకు అప్పులిచ్చి పోగొట్టుకున్న అలవాటూ నాకుంది, అది వేరే కథ.

ఆ రోజుల్లో మా వాడింట్లో ఒక వార్త మీద మాటలు నడుస్తుండేవి. 1924లో ఎవరెస్టు ఎక్కుతూ జార్జి మలొరీ, ఆండ్రూ ఇర్విన్ మాయమయ్యారు. మలొరీ దేహం 1999లో దొరికింది, ఒంటిమీద పట్టు, ఉన్ని పొరలు పొరలుగా ఉన్నాయి. ఇర్విన్ దేహం జాడ నూరేళ్లు తెలియలేదు. 2024లో అక్కడి హిమానీనదంలో ఒక బూటూ, అందులో పాదమూ బయటపడ్డాయి. ఆ కాలికున్న సాక్సు మీద ఎర్రదారంతో ఎ.సి. ఇర్విన్ అని పేరు కుట్టి ఉంది. మనిషి ఎవరో చెప్పింది ఆ సాక్సే. ఆ ఫోటో చూసి నేను ఆ రోజంతా పెద్దగా మాట్లాడలేదు. ఇంట్లోవాళ్లు నా వేళ్లు నొప్పెడుతున్నాయేమో అనుకున్నారు.

ఇంతవరకూ చేసినవి డబ్బుతో తీరిన తెలివితక్కువలు. ఇకముందు చెప్పేది అట్లా తీరేది కాదు.

పక్కింట్లో ఒక ముసలామె ఉండేది. ఆమె తాతలు నార్వే నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారట, ఆ రాష్ట్రంలో అట్లాంటి కుటుంబాలు చాలా. నా కాలివేళ్ల సంగతి మా మనవరాలు ఊరంతా చాటింది కాబట్టి ఆమె చెవినా పడింది. కిటికీ దగ్గర కూర్చుని పది పన్నెండు రోజులు సూదులు ఆడిస్తూ కనపడింది. తర్వాత ఒక సాయంత్రం వచ్చి కాగితంలో చుట్టిన పొట్లం నా చేతిలో పెట్టింది. బూడిదరంగు ఉన్ని సాక్సులు, పైన రెండు తెల్లగీతలు. అచ్చం మా అవ్వ కంబళి అంచు. మడమ దగ్గర అల్లిక తిరిగిన తీరు చూస్తే నాకు మతిపోయింది. మగ్గం మీద అట్లా మలుపు తిప్పలేం. పడుగూ పేకా ఉన్నచోట గుడ్డ చదరంగానే వస్తుంది, తర్వాత కత్తిరించి కుట్టాల్సిందే. ఇది ఒకే దారం, తనలో తాను ముడులు వేసుకుంటూ కాలి ఆకారం తెచ్చుకుంది. తొడుక్కుంటే కాళ్లు నిద్రపోయాయి.

వారం తొడిగాక ఉతకాలనిపించింది. కోడలిని అడిగితే సరిపోయేది. అడగలేదు. మెషిన్‌లో వేసి వేడినీళ్ల బొత్తం నొక్కాను, ఆరబెట్టే మెషిన్‌లో కూడా వేశాను. నా లెక్క ఏమిటంటే, మా కంబళి వానలో నానుతుంది, ఎండలో ఎండుతుంది, దానికేమైనా అవుతోందా? మంచి ఉన్నికి నీళ్లేం చేస్తాయి? ఉన్నిపోగుకు చేపకున్నట్టు పొలుసులుంటాయి. వేడి, సబ్బు, కుమ్ముడు మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని, గుడ్డ బిగిసి ముద్దకడుతుంది, మళ్లీ విడదు. అంగట్లో దొరికే చాలా సాక్సులకు ఆ పొలుసులు ముందే అణిచేసి పూత పూస్తారు కాబట్టి మెషిన్‌కు తట్టుకుంటాయి. చేత్తో అల్లిన ముసలామె ఉన్నికి ఆ పూత లేదు. ఒక్కమాట ఒప్పుకోవాలి. ధర్మవరంలో చీర కొన్న ప్రతి ఇల్లాలికీ “అమ్మా, వేడినీళ్లు తగలనివ్వద్దు, నీడన ఆరెయ్యండి” అని చెప్పింది నేనే. ముప్పై ఏళ్లు చెప్పిన నోరు ఇది.

తీసి చూస్తే రెండు బొమ్మ సాక్సులు. అట్టముక్కల్లా గట్టిగా ఉన్నాయి. తలుపు వేసుకుని లాగాను, తడిపి లాగాను, సీసా దూర్చి లాగాను. రాలేదు. పెట్టె అడుగున దాచాను. ముసలామె కనబడి కాళ్లు వెచ్చగా ఉన్నాయా అని సైగ చేస్తే, బాగున్నాయని బొటనవేలు పైకెత్తి చూపించాను. ఏ బొటనవేలు? ఈ కథకంతటికీ మూలమైనదే. అట్లా పది రోజులు అబద్ధమాడాను. పదకొండో రోజు మూడేళ్ల మనవడు ఆ పెట్టె తెరిచి, వాటిని తొడుక్కుని, ముసలామె ఇంటి గుమ్మం దాకా నడిచిపోయాడు. వాడికి కొలతపెట్టి అల్లినట్టు సరిపోయాయి.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. గుమ్మం పట్టుకుని నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. లోపలికి పోయి మిగిలిన ఉన్ని ఉండా, మొద్దుకొస సూదీ, కొయ్యతో చేసిన పుట్టగొడుగులాంటి వస్తువూ తెచ్చింది. ఆ పుట్టగొడుగును మడమ పోయిన నా సాక్సులోపల దూర్చి, చిరిగినచోట నిలువుపోగులు వేసి, అడ్డంగా ఒకదాని కిందినుంచి ఒకదాని పైనుంచి సూది నడిపించింది. పడుగు, పేక! ఆమె భాష నాకు సగమే తెలుసు, ఆ పని మాత్రం మొత్తం తెలుసు. సూది ఆమె చేతిలోంచి తీసుకుని మిగతాది నేను పూర్తిచేశాను. జల్లెడైన నా నూరుపాళ్ల ఉన్నిది అట్లా బతికింది. ఆ ఊళ్లో నేను సరిగ్గా చేసిన మొదటి పని అది.

చెప్పులోకి సాక్సు తొడుక్కుని వీధిలోకి పోయిన సంగతి ఒకటి మిగిలింది. బొటనవేలి దగ్గర గుడ్డను నొక్కి పట్టెడలోకి దూర్చి నడిచాను. మనవరాలు పరువుపోయిందన్నట్టు చూసి, సాయంత్రానికి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం బొమ్మ ఒకటి చూపించింది. ఈజిప్టులో దొరికిన ఎర్ర ఉన్ని సాక్సులు, పదహారు పదిహేడు వందల ఏళ్ల కిందటివి. బొటనవేలికి ఒక అర, మిగతా నాలుగు వేళ్లకు ఒక అర. చెప్పులతో తొడుక్కునేందుకే అట్లా చేశారట. “చూశావా తాతా, నువ్వొక్కడివే కాదు” అంది. ఓదార్చిందో వెక్కిరించిందో చెప్పలేను.

మార్చిలో ఊరికొచ్చాక ఇంకో పిచ్చి పట్టింది. మన ఉన్నితో మనమే సాక్సులు ఎందుకు చేయకూడదు? కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో కంబళి నేసే పెద్దాయన ఉన్నాడంటే వెతుక్కుంటూ పోయాను. పడుగును బారుగా పరిచి చింతపిక్కల గంజి పూస్తున్నాడు. హిందూపురం చింతపండు మండీ చుట్టూ తిరిగినవాణ్ని, ఆ పిక్కలు ఇంతదూరం వచ్చి కంబళి పోగుకు బలమిస్తాయని నాకు తెలియదు. మా షావుకారు దగ్గరలాగే ఇక్కడా గుంటమగ్గం, అవే కాళ్ల తొక్కుడుచెక్కలు. పట్టుకు జిగురు తీస్తాం, ఈయన ఉన్నికి జిగురు పెడుతున్నాడు. నా కోరిక చెప్పాను.

“సామీ, ఇది నేసేది. నీకు కావాల్సింది అల్లేది. రెండూ వేరు గదా,” అన్నాడు. “ఒకవేళ కుట్టించుకున్యా, రెండడుగులేస్తే గీరుకోని గీరుకోని సస్తావు. ఇది కప్పుకునేదానికి సామీ, తొడుక్కునేదానికి కాదు.”

జేబులోంచి మెరినో సాక్సు తీసి ఇచ్చాను. చేతులు పంచెకు తుడుచుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపాడు. చాలాసేపు నలిపాడు. “బిడ్డ తల మీద బొచ్చు మాదిరి ఉండాదే! ఈ గొర్రె మన ఎండకి బతుకుతాదా?” అని అడిగాడు. నాకు తోచని ప్రశ్న అది. కూర్చున్నంతసేపూ గొర్రెల గురించే మాట్లాడాడు. నల్లబొచ్చు గొర్రెలు తగ్గిపోతున్నాయి, అందరూ మాంసానికని నెల్లూరు గొర్రెల మీదికి పోతున్నారు, వాటి ఒంటిమీద కత్తిరించేంత ఉన్ని ఉండదు. కత్తిరించిన ఉన్నికి వచ్చే డబ్బు కూలికి చాలదు. పట్టుకు 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది, ప్రపంచపు ఉన్నికి 1964 నుంచి వూల్‌మార్క్ ఉంది. ఈయన కంబళికి ఆ తెల్ల అంచే గుర్తు.

అటకమీద ఉన్నదాన్ని గురించి చెప్పాను, ఎలుక కొరికిన చోట ఏం చేయాలని అడిగాను. ఉండ చుట్టిన నల్లపోగు ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ముసలామె నేర్పిన పద్ధతిలోనే కంబళికి రఫూ చేశాను. ఇప్పుడది మంచం మీద కాళ్లవైపు ఉంటుంది. స్కూటరుకు ప్లాస్టిక్ కవరు కొన్నాను.

నైలాన్ కలిపిన ఆ రెండువేల జతకు ఒకటే బొక్క పడింది, కుడికాలి బొటనవేలి దగ్గర. గోరు తీసుకోకపోవడం వల్ల. ఆ బొక్కను ధర్మవరం పట్టుతో పూడ్చాను, అరిటాకుపచ్చ రంగు. బూటు వేసుకుంటే కనపడదు.

హిందూపురం సాక్సులు పదకొండు జతలు, కాలినదానికి తోడుది ఒంటిది ఒకటి, ఇంకా ఇంట్లో ఉన్నాయి. మెత్తగానే ఉన్నాయి. డిసెంబరులో బెంగళూరు దాకా పోయివచ్చేవాళ్లకు పనికొస్తాయి. కావాల్సినవాళ్లు లేపాక్షి వచ్చి తీసుకుపోవచ్చు. కళ్లజోడు తెచ్చుకుని, కవరు వెనకాల చదువుకుని మరీ.